ముందు చక్రములు ఎందుకు తిరుగవు?

హైదరాబాదు నుండి బీజాపూరు పోయే రోడ్డుమీద మొయినాబాదు దాటి చేవెళ్ల వైపు సాగితే ఇరుప్రక్కల పెద్ద పెద్ద మర్రిచెట్లు కనబడుతాయి. ఆ నీడలో బస్సెక్కి పోయేవారికి రోడ్డు దిగిన తరువాతి నేల సంగతి తెలియదు. ఇక్కడ ఎర్రని చెల్క నేల ఉన్నది; నల్లని రేగడి కూడ ఉన్నది. చెల్కలో వాన వెలిసిన కొద్దిసేపటికే బండి నడుస్తుంది. రేగడి సంగతి వేరు. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజము ఉన్నది. దాని పొరల నడుమకు నీరు చేరితే మట్టి ఉబ్బి జిగటగా మారుతుంది. పైపొర సబ్బు పూసిన బండవలె జారుతుంది. టైరు గాట్లలో ఈ మట్టి నిండితే క్రొత్త టైరు కూడ అరిగిపోయిన టైరుతో సమానమే.

ఈ రెండు మండలములలో కూరగాయలు, పూలు విరివిగా పండిస్తారు. కోసిన బంతిని, చామంతిని హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు పొద్దెక్కక ముందే చేర్చాలి. ఆలస్యముగా చేరిన పూలకు ధర పలుకదు. మరునాటికి అవి పూలు కావు. ఈ ప్రయాణమంతటిలో కష్టమైన భాగము తోట నుండి తారురోడ్డు వరకు ఉన్న బురదదారి. అందుకని నాలుగు చక్రములతో లాగే పాత జీపునో, పికప్పు బండినో ఉంచుకొనేవారు కొందరుంటారు. అటువంటి బండి ఒకటి ఉన్నదనుకొందాము. అది ఏడాదిలో పదకొండు నెలలు వెనుక చక్రములతోనే నడుస్తుంది. శ్రావణములో ఒక తెల్లవారుజామున బురదలో దిగబడుతుంది. డ్రైవరు ఫోర్‌వీలు లీవరు వేస్తాడు. వెనుక చక్రము ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. ముందు చక్రములలో చలనము లేదు.

మరునాడు షెడ్డుకు తీసుకొనిపోతే తరచుగా వినబడే మాట, "గేరుబాక్సు దింపాలి" అని. గేరుబాక్సు దింపడము ఖర్చుతోను, రెండు మూడు రోజుల కాలముతోను కూడిన పని. తీరా దింపి చూస్తే లోపల అన్ని పండ్లూ చక్కగా ఉండవచ్చును. తప్పు మూరెడు రబ్బరు గొట్టములోనో, చిలుము పట్టిన తీగ కొసలోనో ఉండవచ్చును. విప్పకుండానే తప్పు ఏ భాగములో ఉన్నదో కనుగొనుటకు వీలున్నది. ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రము దానికి చాలును.

ముందుగా, నాలుగు చక్రములతో లాగవలసిన అవసరమేమిటో లెక్కవేసి చూద్దాము. సరుకుతో కలిపి 1,600 కిలోల బండి అనుకొందాము. ఈ బరువు ముందు ఇరుసుమీద సగము, వెనుక ఇరుసుమీద సగము పడుతున్నదనుకొందాము. చక్రము నేలను ఎంత బలముతో వెనుకకు త్రోయగలదో అంత బలముతోనే నేల బండిని ముందుకు త్రోస్తుంది. ఆ బలమునకు ఒక హద్దు ఉన్నది. చక్రముమీది బరువును ఘర్షణ గుణకముతో గుణిస్తే ఆ హద్దు వస్తుంది. ఎండిన తారురోడ్డుమీద గుణకము 0.7 వరకు ఉంటుంది. తడిసిన రేగడిమీద 0.2 అనుకొంటే, వెనుక చక్రములు రెండూ కలిసి లాగగలిగేది 800 × 0.2, అనగా 160 కిలోల బలము. బురద చక్రములను పట్టి ఆపే నిరోధము బండి బరువులో 15 శాతము అయితే అది 240 కిలోలు. 160తో 240ని గెలువలేము. ఇంజను ఎంత శక్తిగలదైనా ఈ లెక్క మారదు. యాక్సిలరేటరు త్రొక్కిన కొద్దీ చక్రము గుంటను లోతు చేస్తుంది. ముందు చక్రములు కూడ పనిచేస్తే లాగే బలము 320 కిలోలు అవుతుంది. బండి బయటపడుతుంది. ఇంజను శక్తి కించిత్తు కూడ పెరుగలేదు. నేలను పట్టుకొనే కాళ్లు రెట్టింపైనవి, అంతే.

పెట్రోలు ఇంజనుతో నాలుగు చక్రములనూ నడిపే కారును హాలెండు దేశపు స్పైకరు సోదరులు 1903లోనే తయారుచేసినారు. కాని లోకమంతటికీ దీనిని పరిచయము చేసినది రెండవ ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపు. మన దేశానికి స్వాతంత్ర్యము వచ్చిన రోజులలో బొంబాయిలో మహీంద్రా సంస్థ ఆ జీపు విడిభాగములను తెప్పించి బండ్లుగా కూర్చడము మొదలుపెట్టినది. ఆ జీపు సంతతి బండ్లే పల్లెలలో ఇప్పటికీ తిరుగుతున్నవి. వాటిని తెలుసుకొంటే తక్కిన బండ్లు అర్థము కావడము కష్టము కాదు.

శక్తి నడిచే దారి

ఇంజను నుండి వచ్చిన శక్తి క్లచ్చి, గేరుబాక్సు దాటి ట్రాన్స్‌ఫర్ కేసు అనే రెండవ పెట్టెలో ప్రవేశిస్తుంది. దీనిని రైల్వే జంక్షను అనుకోవచ్చును. అక్కడనుండి వెనుక ఇరుసుకు ఒక షాఫ్టు, ముందు ఇరుసుకు ఒక షాఫ్టు బయలుదేరుతాయి. వెనుక షాఫ్టు ఎప్పుడూ కలిసే ఉంటుంది. ముందు షాఫ్టును కలుపుటకు, విడదీయుటకు పండ్లుగల ఒక కాలరు ఉంటుంది. లీవరు వేస్తే ఆ కాలరు ప్రక్కకు జరిగి రెండు భాగములను ఒకటి చేస్తుంది. ముందు ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉన్నది. శక్తి దానిలో రెండుగా చీలి కుడి, ఎడమ చక్రములకు పోతుంది. కొన్ని బండ్లలో చక్రము చివర హబ్బు వద్ద ఇంకొక తాళము కూడ ఉంటుంది. మామూలు రోడ్డుమీద ముందు ఇరుసు అంతా ఊరక తిరిగి డీజిలు వృథా కాకుండ, చక్రమును ఇరుసు నుండి విడదీయుటకు ఆ తాళము. అమెరికాలో ఆర్థర్ వార్న్ 1948లో స్థాపించిన సంస్థ ఇటువంటి హబ్బులను జీపులకోసము తయారుచేసి ప్రచారములోకి తెచ్చినది. కొన్నిటిలో ఈ తాళమును చేతితో త్రిప్పాలి; కొన్నిటిలో అది తనంతట పడుతుంది.

కాబట్టి శక్తి ముందు చక్రము వరకు చేరాలంటే రెండు తలుపులు తెరుచుకోవాలి. మొదటిది ట్రాన్స్‌ఫర్ కేసులోని కాలరు, రెండవది హబ్బు. ఏది తెరుచుకొనకపోయినా ఫలితము ఒకటే: చక్రము తిరుగదు. చేతితో త్రిప్పే హబ్బులను త్రిప్పకుండ లీవరు మాత్రము వేసి, బండి చెడిపోయినదని షెడ్డుకు తోలుకొనిపోయేవారు లేకపోలేదు.

అసలు తప్పు ఉన్నదా?

బురదలో ఉన్నప్పుడే మొదటి పరీక్ష చేయవచ్చును. లీవరు వేసి, క్రింది గేరులో, చాల మెల్లగా బండిని కదిలించమని డ్రైవరుకు చెప్పి, ప్రక్కకు దూరముగా నిలబడి చక్రములను గమనించాలి. బండికి ముందుగాని వెనుకగాని నిలబడరాదు. వెనుక ఒక చక్రము మాత్రమే తిరుగుతున్నదా? అయితే ముందు ఇరుసుకు శక్తి చేరలేదు. ముందు ఒకటి, వెనుక ఒకటి తిరుగుతూ తక్కిన రెండూ ఊరకున్నవా? అయితే యంత్రములో తప్పులేదు. ముందు ఇరుసు పనిచేస్తున్నది.

ఇది వినుటకు వింతగా ఉంటుంది. నాలుగు చక్రముల బండి అన్నప్పుడు నాలుగూ తిరుగవద్దా? తిరుగనక్కరలేదు. డిఫరెన్షియల్ రెండు ప్రక్కలకూ సమానమైన భ్రామకమును ఇస్తుంది; సమానమైన వేగమును కాదు. మలుపులో బయటి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలసి ఉంటుంది కనుక ఈ ఏర్పాటు అవసరము. ఫ్రాన్సులో పెకూరు దీనికి పేటెంటు పొందినది 1827లో, ఆవిరిబండికోసము. కాని ఒక చక్రము గాలిలో తేలినా, నూనెవంటి బురదలో ఉన్నా, దానిని త్రిప్పుటకు ఎంత కొద్ది బలము చాలునో అంత బలమే రెండవ ప్రక్కకూ అందుతుంది. గట్టినేలమీద ఉన్న చక్రము ఆ కొద్ది బలముతో కదలదు. అప్పుడు చేయవలసినది జారే చక్రము క్రింద రాళ్లో, కంపయో, పాతగోనెలో వేయడము. గేరుబాక్సు జోలికి పోనక్కరలేదు.

ముందు చక్రములు రెండూ కదలనప్పుడు మాత్రమే వెదుకవలసిన పని ఉన్నది. బండిని ట్రాక్టరుతో లాగించి గట్టి, సమతలమైన నేలమీదికి చేర్చండి. ఇంజను ఆపండి, హ్యాండుబ్రేకు వేయండి. వెనుక చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టండి. తరువాత వంగి బండి క్రిందకు చూడండి. ముందు షాఫ్టు ఉన్నదో లేదో చూడడము మొదటి పని. నవ్వవద్దు. వాడని షాఫ్టు దండుగ అని తీసివేసి మూలకు పడవేసేవారున్నారు. పాతబండిని కొన్నవానికి ఆ సంగతి చెప్పి అమ్ముతారని నమ్మకము లేదు.

షాఫ్టు ఉంటే అక్కడే అసలు పరీక్ష. వరుసగా కట్టిన పది దీపములు ఆరిపోతే తెలివిగలవాడు మొదటి దీపము నుండి వెదుకడు; నడుమ తీగను పరీక్షిస్తాడు. దానితో సగము దీపములు విచారణ నుండి తప్పుకొంటాయి. ముందు షాఫ్టు మన దారికి నడిమి చోటు. గేరును న్యూట్రలులో ఉంచి, హబ్బులను విడదీసి, షాఫ్టును చేతితో త్రిప్పండి. విడిపోయే హబ్బులు లేని బండి అయితే ముందు చక్రమునొకదానిని జాకీతో లేపి, ఇరుసు క్రింద గట్టి దిమ్మె పెట్టి త్రిప్పండి. ఫోర్‌వీలు లీవరు వేయనప్పుడు షాఫ్టు తిరగాలి. లీవరు వేసినప్పుడు తిరుగరాదు. ఎందుకంటే అప్పుడది వెనుక షాఫ్టుతో ఒకటై ఉంటుంది, వెనుక చక్రములను నేల పట్టి ఉంచుతున్నది.

లీవరు వేసిన తరువాత షాఫ్టు బిగిసినదంటే ట్రాన్స్‌ఫర్ కేసు తన పని చేసినది. తప్పు ముందు ఇరుసులోనో, హబ్బులోనో ఉన్నది. ఇంకా తిరుగుతూనే ఉంటే తప్పు ఇటువైపు ఉన్నది. త్రిప్పుతుండగా ఒకసారి "టక్" మని బిగిసిపోతే అది కూడ తప్పు కాదు: కాలరు పండు ఎదుటి పండుకు ఎదురుగా నిలిచి ఉండి, సందు దొరకగానే లోపలికి జారినది. డ్రైవరు లీవరు వేసిన తరువాత బండిని నాలుగడుగులు మెల్లగా కదిలిస్తే ఇదే పని జరుగుతుంది. చక్రము గిరగిర తిరుగుతుండగా లీవరు లాగితే పండ్ల అంచులు చెక్కుకొనిపోతాయి.

ఈ పరీక్షలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఒక చక్రము జాకీమీద ఉండగా ఫోర్‌వీలు వేసి ఇంజనుతో ఎన్నడూ త్రిప్పరాదు. తక్కిన ఇరుసు నేలమీదనే ఉన్నది. శక్తి దానికి కూడ పోతుంది. బండి జాకీమీదనుండి దూకుతుంది.

లీవరు, గాలి, కరెంటు

షాఫ్టు బిగియలేదు అనుకొందాము. కాలరును జరిపేది ఏమిటి? బండిని బట్టి అది ఇనుప కడ్డీ కావచ్చును, గాలి పీడనము కావచ్చును, విద్యుత్తు మోటారు కావచ్చును.

ఇనుప కడ్డీ సంగతి తేలిక. లీవరు పైభాగము 40 సెంటీమీటర్లు, కీలు క్రింది భాగము 5 సెంటీమీటర్లు ఉంటే, పైన 16 సెంటీమీటర్లు లాగినప్పుడు క్రింద 2 సెంటీమీటర్లు జరుగుతుంది. కీళ్లలోని బుష్షులు అరిగి 8 మిల్లీమీటర్ల వదులు ఉంటే కాలరుకు చేరేది 12 మిల్లీమీటర్లే. పండ్లు సగమే పట్టుకొంటాయి, బరువు పడగానే విడిపోతాయి. చేతికి మాత్రము లీవరు పూర్తిగా పడినట్లే ఉంటుంది. ఒకరు లోపల లీవరు ఆడిస్తుండగా ఇంకొకరు క్రింద కడ్డీని చూస్తే ఈ వదులు కంటికి కనబడుతుంది. విల్లీస్ వంశపు జీపులలో ఇంకొక విశేషమున్నది: ముందు ఇరుసు కలిపిన తరువాతనే లో-గేరు లీవరు పడుతుంది. వెనుక ఇరుసు ఒక్కటే అంత భ్రామకమును మోయకుండ పెట్టెలోపల అడ్డు పెట్టినారు. ఈ వరుస తెలియక లో-గేరును బలవంతముగా లాగి కడ్డీలు వంచినవారు ఉన్నారు.

గాలితో పనిచేసే ఏర్పాటు కొన్ని తరువాతి బండ్లలో ఉన్నది. కాలరును గాని, హబ్బును గాని, ఇరుసులోని తాళమును గాని ఒక రబ్బరు పొర లాగుతుంది. పొరకు ఒక ప్రక్క గాలిని పంపుతో తీసివేస్తారు. రెండవ ప్రక్కనున్న వాతావరణపీడనము దానిని త్రోస్తుంది. చేవెళ్ల సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది కనుక అక్కడ పాదరస స్తంభము 76కు బదులు 70 సెంటీమీటర్లకు కొంచెము పైన నిలుస్తుంది. పంపు దానిలో 50 సెంటీమీటర్లకు సమానమైన గాలిని తీసివేసినదనుకొందాము. అప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరుమీద 0.68 కిలోల త్రోపు. పొర వ్యాసము 6 సెంటీమీటర్లు అయితే వైశాల్యము 28 చదరపు సెంటీమీటర్లు. మొత్తము బలము 19 కిలోలు. గొట్టము పగిలి గాలి చొరబడి, లోటు 15 సెంటీమీటర్లకు పడిపోతే బలము 6 కిలోలకు దిగుతుంది. ఎదురు స్ప్రింగును నొక్కుటకు 8 కిలోలు కావలెనంటే తాళము పడదు. పంపులో తప్పులేదు, పొరలో తప్పులేదు. ఎండకు, ఇంజను వేడికి ఎండి పగిలిన గొట్టము చేసిన పని ఇది. ఇంజను వేగము పెంచినప్పుడు పట్టి, మెల్లగా తిరిగేటప్పుడు వదిలే బండిలో ముందుగా గొట్టములనే అనుమానించాలి.

డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనువలె లోపలికి పీల్చే గాలికి అడ్డుతలుపు లేదు కనుక దానంతట ఈ శూన్యము ఏర్పడదు. అందుకే వేరే పంపు పెడతారు. చాలా బండ్లలో అది ఆల్టర్నేటరు వెనుకనే ఉంటుంది. బ్రేకుకు సహాయము చేసేది కూడ ఆ పంపే. ఇక్కడ ఒక చక్కని ఆధారము దొరుకుతుంది. ఫోర్‌వీలు పడక, బ్రేకు పెడలు కూడ బరువెక్కినదంటే పంపును చూడాలి. ఆ బండిని అట్లాగే రోడ్డెక్కించరాదు. బ్రేకు మామూలుగా ఉండి ఫోర్‌వీలు మాత్రమే పడలేదంటే పంపు మంచిదే, తప్పు ఈ కొమ్మలోని గొట్టములోనో, వాల్వులోనో ఉన్నది. గొట్టము కొసను ఊడదీసి, బండి న్యూట్రలులో ఉండగా ఇంజను నడిపించి, వ్రేలు అడ్డుపెడితే వ్రేలిని లాగాలి. పొరను పరీక్షించుటకు ఒక పెద్ద సిరంజి చాలు. గొట్టమునకు తగిలించి పిడిని వెనుకకు లాగి పట్టుకోండి. లాగినకొద్దీ గాలి ఊరక వచ్చేస్తుంటే పొర చినిగినది. పిడి గట్టిగా ఎదురులాగుతూ ఉంటే పొర బాగున్నది.

విద్యుత్తు మోటారు ఉన్న బండిలో బటను నొక్కితే ఫ్యూజు, స్విచ్చి, రిలే దాటి మోటారుకు కరెంటు పోవాలి. తోటలలోని కొట్టములలో నెలల తరబడి నిలిపిన బండికి ఎలుకలు శత్రువులు. తీగల తొడుగు కొరికివేస్తాయి. తెగిన తీగను కనుగొనడము కష్టము కాదు. మోసపుచ్చేది చిలుము పట్టిన అతుకు. చిన్న టెస్టు ల్యాంపు పెడితే బాగా వెలుగుతుంది, మోటారు మాత్రము తిరుగదు. "కరెంటు వస్తున్నది, మోటారే పోయినది" అని క్రొత్త మోటారు కొంటారు. అదీ తిరుగదు. కారణమును ఓమ్ సూత్రము చెబుతుంది. అతుకులో అర ఓము నిరోధమున్నదనుకొందాము. టెస్టు ల్యాంపు పావు ఆంపియరు తీసుకొంటే అతుకువద్ద నష్టపోయేది 0.125 వోల్టు, దీపమునకు దాదాపు 12 వోల్టులూ దక్కుతాయి. మోటారుకు 10 ఆంపియర్లు కావాలంటే నష్టము 5 వోల్టులు, మిగిలేది 7. ఆ ఏడు వోల్టులకు బిగుసుకొనిపోయిన కాలరు కదలదు. కనుక పరీక్షకు హెడ్‌లైటు బల్బునే వాడాలి. 55 వాట్ల బల్బు నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది కనుక అతుకులోని లోపము దాని మసక వెలుగులోనే బయటపడుతుంది. బల్బు ఎర్త్ తీగను బ్యాటరీకి కాకుండ మోటారు ఎర్త్ చోటికే కలపాలి. చిలుము తరచుగా అక్కడే ఉంటుంది.

డ్యాషుబోర్డుమీది 4-వీలు దీపమును చూసి మోసపోరాదు. చాలా పాతబండ్లలో ఆ దీపము ట్రాన్స్‌ఫర్ కేసులో కాలరు జరిగినదని మాత్రమే చెబుతుంది. హబ్బు సంగతి దానికి తెలియదు.

హబ్బుల పరీక్షకు ముందు చక్రమునొకదానిని లేపి, దిమ్మె పెట్టి, చేతితో త్రిప్పుతూ లోపలి ఇరుసును గమనించాలి. హబ్బు విడదీసినప్పుడు చక్రము ఒక్కటే తిరగాలి. కలిపినప్పుడు ఇరుసు కూడ దానితో తిరగాలి. రెండు ప్రక్కలా ఇట్లే చూడాలి. ఒక హబ్బు పట్టి ఇంకొకటి పట్టకపోతే, పట్టని ప్రక్క ఇరుసు ఊరక తిరుగుతుంది; డిఫరెన్షియల్ ధర్మమును బట్టి పట్టిన ప్రక్కకూ బలము అందదు. ఒక హబ్బు పోయినదంటే సగము బలము మిగులుతుందని అనుకోరాదు, ఏమీ మిగులదు. హబ్బు విప్పితే ఎక్కువగా కనబడేది గట్టిపడిన గ్రీజు, బురదనీరు, త్రుప్పు. కడిగి, పలుచగా క్రొత్త గ్రీజు పెడితే చాలావరకు బాగుపడుతాయి. వాడకపోవడమే దీనికి ముఖ్యకారణము. నెలకొకసారి మట్టిదారిలో ఒక కిలోమీటరు ఫోర్‌వీలులో నడిపితే కాలరు, హబ్బులు బిగుసుకొనిపోవు.

మట్టిదారిలోనే, తారురోడ్డుమీద కాదు. ఇటువంటి పాతబండ్లలో ముందు, వెనుక షాఫ్టులు ఒకటిగా బిగిసిపోతాయి. వాటి నడుమ డిఫరెన్షియల్ లేదు. ముందు టైరు వ్యాసార్ధము 35 సెంటీమీటర్లు, వెనుకది 36 అయితే ఒక కిలోమీటరులో ముందు చక్రము 455 చుట్లు, వెనుకది 442 చుట్లు తిరగాలి. ఇరుసు గేరు నిష్పత్తి 4 అయితే షాఫ్టుల నడుమ తేడా 50 చుట్లు. బురదలో టైరు కొంచెము కొంచెము జారి ఈ తేడాను సర్దుకొంటుంది. తారుమీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టులలోను, క్రాసులలోను, గేరు పండ్లలోను పేరుకొంటుంది. టైర్లన్నీ సమానమైనవైనా మలుపులలో ఇదే జరుగుతుంది. అందువలన బురద దాటి తారుకెక్కిన తరువాత లీవరు వెనుకకు రాదు; పండ్లు మెలితో బిగుసుకొని ఉంటాయి. సుత్తితో కొట్టినా, కాలితో తన్నినా కడ్డీ వంగుతుంది కాని కాలరు రాదు. బండిని తిన్నగా రివర్సులో పది అడుగులు నడిపి, క్లచ్చి త్రొక్కి, లీవరును వ్రేళ్లతో లాగండి. మెలి విడిపోయిన క్షణాన అది దానంతట జారివస్తుంది.